నగరపాలనకు వన్నె తెచ్చిన ఫిరోజ్‌షా మెహతా

రాజ్యములను గెలిచిన వీరుల చరిత్రలును, స్వాతంత్ర్య సమరమున చెరసాలలకు పోయిన త్యాగమూర్తుల చరిత్రలును గ్రంథాలయములలో పెక్కు కలవు. వాటిని చదివి జనులు ఉప్పొంగుచుందురు. కాని వీధిదీపమునకు నూనె ఎవరు పోయవలెను, మురుగుకాలువ తీయుటకు సొమ్ము ఎక్కడనుండి రావలెను, వచ్చిన సొమ్ములో దేనికెంత వ్యయము కావలెను, ఆ వ్యయమునకు లెక్క అడుగు అధికారము ఎవరికి ఉండవలెను అను ప్రశ్నలను పట్టుకొని జీవితమంతయు పాటుపడినవారి చరిత్రలు అరుదు. పైకి చూచుటకు ఇవి చిన్న విషయములు. ప్రజాపాలనయను మహావృక్షమునకు వేళ్లు మాత్రము ఈ చిన్న విషయములందే యున్నవి. తన యూరి పన్నును తాను నిర్ణయించుకొనలేని ప్రజ దేశమును ఏలుకొనజాలదు. ఈ సత్యమును మన దేశమున ముందుగా గ్రహించినవారిలో ఒకడై, 42 సంవత్సరములు ఒకే పురసభలో నిలిచి దానిని ఆచరణలో చూపిన మహాపురుషుడు సర్ ఫిరోజ్‌షా మెహతా.

ఫిరోజ్‌షా 1845వ సంవత్సరము ఆగస్టు 4వ తేదీన బొంబాయి నగరమున ఒక పార్సీ వర్తక కుటుంబమున జన్మించెను. ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో చదివి 1864లో పట్టభద్రుడయ్యెను. ఆ కళాశాల అధ్యక్షుడగు సర్ అలెగ్జాండర్ గ్రాంటు ఈ బాలుని బుద్ధికుశలతను గుర్తించి, న్యాయశాస్త్రము చదువుటకు ఇంగ్లండు పంపవలెనని సంకల్పించెను. రుస్తుంజీ జంషెట్‌జీ జీజీభాయి యను దాత ఇట్టి విద్యార్థులకై విరాళము ప్రకటించియుండెను. కాని 1865లో బొంబాయి వర్తకము ఒక్కపెట్టున కుప్పకూలి దాతయే నష్టములపాలగుటచే ఆ సహాయమునకు అంతరాయము కలిగెను. అయినను ఫిరోజ్‌షా చదువు విడువలేదు. లింకన్స్ ఇన్‌లో చదివి 1868లో బారిస్టరు పట్టము పొంది స్వదేశమునకు తిరిగివచ్చెను. లండనులో ఉన్న కాలమున దాదాభాయి నౌరోజీ సాహచర్యము ఆయనకు లభించినది. ఆంగ్లేయుల పురసభలు తమ నగరముల పన్నులను, ఖర్చులను తామే చర్చించి తీర్మానించుకొను పద్ధతిని కన్నులార చూచు అవకాశమును ఆ కాలముననే కలిగెను.

అప్పటి బొంబాయి స్థితి విచిత్రముగా నుండెను. అమెరికాలో 1861 మొదలు 1865 వరకు జరిగిన అంతర్యుద్ధమువలన అక్కడి ప్రత్తి ఇంగ్లండు మిల్లులకు చేరకపోయెను. ఆ లోటును మన దేశపు ప్రత్తి తీర్చవలసివచ్చుటచే బొంబాయిలో బంగారము వెల్లువగా ప్రవహించినది. పాత కోటగోడలను పడగొట్టి నగరమును విస్తరింపజేసిరి. 1864 నాటి జనసంఖ్యలో నగరమున 8 లక్షలకు పైగా జనులు తేలిరి. కాని ఆ సంపద వెనుక దుర్గంధము దాగియుండెను. ఇరుకు సందులు, మూతలేని కాలువలు, చాలీచాలని నీరు, ఏటేట వచ్చు కలరా జనులను పీడించుచుండెను. యుద్ధము ముగియగనే ప్రత్తిధర పడిపోయి, వాటాల వ్యాపారమున చేతులు కాల్చుకొన్న కుటుంబములు వీధిపాలయ్యెను. ఐశ్వర్యమున మొదలుపెట్టిన నగర సౌకర్యములను దారిద్ర్యమున పూర్తిచేయవలసిన స్థితి ఏర్పడెను.

ఈ సంధికాలమున, 1865లో, బొంబాయికి క్రొత్త పురపాలన శాసనము వచ్చినది. అంతకు పూర్వము ముగ్గురు కమీషనర్లు కలిసి పాలించుచుండగా ఒకరి భారమును మరియొకరిపై త్రోయుటతో ఏ పనియు సాగకుండెను. క్రొత్త శాసనము కార్యనిర్వహణాధికారమును ఒక్క కమీషనరు చేతిలో పెట్టెను. ఆయనపై పర్యవేక్షణ చేయు బాధ్యత జస్టిసులు అను గౌరవపదవి గల పెద్దమనుష్యులకు అప్పగింపబడెను. వీరిని ప్రభుత్వము నియమించెనే గాని ప్రజలు ఎన్నుకొనలేదు. వీరిలో పలువురు సభలకు వచ్చుటయే అరుదు. వచ్చినవారు పట్టికలను తిప్పిచూచి చేతులెత్తి పోవుచుండిరి.

మొదటి కమీషనరుగా వచ్చిన ఆర్థర్ క్రాఫర్డు ఉత్సాహవంతుడు, కార్యశూరుడు. ఆయన రోడ్లు వేయించెను, మురుగుకాలువలు బాగుచేయించెను, నగర మధ్యమున గొప్ప అంగడి కట్టించెను. ఆయన పేరుతో ప్రసిద్ధికెక్కిన ఆ అంగడి నేడు మహాత్మా ఫూలే పేరుతో నిలిచియున్నది. నగరమున మరణములు తగ్గెను. అయితే క్రాఫర్డునకు పనిమీద ఉన్న శ్రద్ధ లెక్కమీద లేకుండెను. మంజూరు కాని వ్యయములు జరిగెను. అప్పులు పెరిగెను. ఇంటిపన్ను, బండిపన్ను, నగరములోనికి వచ్చు సరకులపై సుంకము ఒకదాని తరువాత ఒకటి జనుల నడుము విరిచెను. వర్తకము పడిపోయిన దినములలో ఈ భారమును మోయలేక పన్నుదారులు 1871లో తిరుగబడిరి. టౌనుహాలులో పెద్దసభలు జరిగెను. పత్రికలు నిప్పులు చెరిగెను. క్రాఫర్డు పదవిని వదలి పోవలసివచ్చెను.

అప్పుడు నగరమంతయు ఒక్కమాటమీద నిలిచినది. ఒక్కనికి సర్వాధికారమిచ్చుటవలననే ఈ అనర్థము వాటిల్లినదనియు, కమీషనరు పదవిని తీసివేసి జస్టిసుల సంఘమునకే అధికారమంతయు ఇచ్చినచో పన్నుదారులు సుఖపడుదురనియు నాయకులు వాదించుచుండిరి. ఇంగ్లండునుండి వచ్చి మూడేండ్లు మాత్రమే గడచిన 26 ఏండ్ల యువ న్యాయవాది వారికి ఎదురు నిలిచెను. 1871 నవంబరు 29వ తేదీన ఫ్రాంజీ కవాస్‌జీ భవనమున మెహతా పురపాలన సంస్కరణమును గూర్చి ఒక వ్యాసము చదివెను. సభలో చేరినవారికి ఆయన మాటలు రుచింపలేదు. ఎల్లరును దూషించుచున్న క్రాఫర్డు చేసిన మేలును ఆయన దాచక చెప్పెను. అధికారి తప్పులు చేసినమాట నిజమే యైనను, ఆ తప్పులను కనిపెట్టవలసిన జస్టిసులు నిద్రించుటయే అసలు దోషమని నిరూపించెను. నియమింపబడిన సంఘము చేతికి సర్వమును అప్పగించినచో రోగమునకు రోగమే మందుగా ఇచ్చినట్లగునని హెచ్చరించెను.

ఆయన చూపిన మార్గము స్పష్టమైనది. పని చేయుటకు ఒక్క చేయి ఉండవలెను, ఆ చేతిని అదుపుచేయుటకు ప్రజలెన్నుకొన్న సభ ఉండవలెను. కార్యనిర్వాహకుడు ఒక్కడే యైనచో తప్పు జరిగినప్పుడు ఎవరిని పట్టుకొనవలెనో తెలియును. పదిమంది కలిసి చేసిన తప్పునకు మాత్రము జవాబుదారు దొరకడు. అట్లే, సొమ్ము మంజూరు చేయు అధికారము, లెక్క అడుగు అధికారము పన్ను చెల్లించువారి ప్రతినిధులకే చెందవలెను. సభ్యులు రోజువారీ పనులలో తలదూర్చరాదు. అధికారి సభ అనుమతి లేక పైకము ముట్టరాదు. ఇట్లు ఎవరి హద్దులో వారుండి ఒకరినొకరు కనిపెట్టియుండుటయే మంచిపాలనకు మూలమని ఆయన సిద్ధాంతము. ఆనాడు పెక్కుమంది దీనిని అంగీకరింపకపోయినను, 1872లో వచ్చిన శాసనము చాలవరకు ఈ మార్గముననే నడచినది.

ఆ శాసనముచే 64 మంది సభ్యులు గల కార్పొరేషను ఏర్పడెను. వారిలో సగము మందిని, అనగా 32 మందిని, పన్నుదారులు ఎన్నుకొనవలెను. జస్టిసులు 16 మందిని ఎన్నుకొందురు. తక్కిన 16 మందిని ప్రభుత్వము నియమించును. ఆదాయవ్యయములను పరిశీలించుటకు 12 మందితో ఒక చిన్న సంఘము ఏర్పాటయ్యెను. కమీషనరు పదవి నిలిచెను గాని అతడు సభవారు మంజూరు చేసిన వ్యయమునకు లోబడి నడువవలసివచ్చెను. 1873లో జరిగిన తొలి ఎన్నికలనుండియు మెహతా ఈ సభలో సభ్యుడై, మరణించువరకు ఆ స్థానమును విడువకుండెను.

మెహతా న్యాయవాదవృత్తిలో విశేషముగా సంపాదించెను. కథియవాడు సంస్థానములనుండి, గుజరాతు పట్టణములనుండి పెద్దపెద్ద వ్యాజ్యములు ఆయనను వెదకుకొని వచ్చుచుండెను. అయినను కార్పొరేషను సమావేశములకు ఆయన ఇచ్చిన ప్రాధాన్యము అసాధారణమైనది. బడ్జెటు పట్టికలను అంకెయంకెగా చదువుట, వెనుకటి తీర్మానములను త్రవ్వితీయుట, శాసనములోని ప్రతి నిబంధనమును కంఠస్థము చేయుట ఆయనకు వాడుకయయ్యెను. అధికారులు ఏ వ్యయమునైనను అత్యవసరమను పేరిట దాటవేయజూచినచో ఆయన లేచి, ఆ పద్దు ఏ అధికారముచే వచ్చినదని అడుగుచుండెను. జవాబు లేనిచో ఆ పద్దు నిలిచెడిది కాదు. అట్లని ఆయన పిసినారితనమును ఏనాడును ప్రోత్సహింపలేదు. పన్ను తగ్గించుటయే పరమధర్మమని కేకలు వేయు సభ్యులతోను ఆయనకు వివాదమే. మంచినీటికి, మురుగుకాలువకు, బడికి, వైద్యమునకు వెచ్చించు సొమ్ము వృథావ్యయము కాదనియు, అది నగరము తన ఆయువుకై పెట్టు పెట్టుబడి యనియు ఆయన భావించెను. 1860లో విహార్ చెరువునుండి నగరమునకు నీరు వచ్చియుండెను. అది చాలకపోగా తాన్సా నదికి ఆనకట్ట కట్టి దూరమునుండి నీరు తెచ్చు బృహత్పథకమునకు కార్పొరేషను పూనుకొనెను. 1892లో రాజప్రతినిధి లాన్స్‌డౌన్ ప్రభువు దానిని ప్రారంభించెను.

ఈలోగా 1882వ సంవత్సరము మే నెలలో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనమును గూర్చిన ప్రసిద్ధ తీర్మానమును ప్రకటించెను. ప్రజలకు రాజకీయశిక్షణ ఇచ్చుటకు పురసభలే పాఠశాలలని ఆ తీర్మానము తలంపు. మద్రాసు రాజధానిలో 1884లో వచ్చిన స్థానిక సంస్థల శాసనమునకును, తద్వారా తెలుగు జిల్లాలలో జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు వెలయుటకును అదియే ప్రేరణ. మెహతా 1884లోను 1885లోను వరుసగా కార్పొరేషను అధ్యక్షుడుగా ఎన్నుకొనబడెను. బొంబాయి పురపాలక భవనమునకు 1884లో శంకుస్థాపన చేసినవాడు రిప్పన్ ప్రభువే. ఆ భవనము 1893లో పూర్తియయ్యెను.

మెహతా జీవితమున మిక్కిలి గొప్ప విజయము 1888 నాటి శాసనము. 1872 నాటి శాసనమును సవరించుటకై ప్రభుత్వము తయారుచేయించిన చిత్తుప్రతి కార్పొరేషనును కమీషనరుతోను, సంఘముతోను సమానస్థాయికి దింపునట్లు ఉండెను. అట్లయినచో ప్రజల సభ నామమాత్రమై, అధికారి ఇచ్చవచ్చినట్లు నడచును. ఆ కాలమున మెహతాయు, ఆయన మిత్రుడు కాశీనాథ త్ర్యంబక తెలంగు మహాశయుడును బొంబాయి శాసనసభలో సభ్యులు. ఈ ఉభయులు ఆ చిత్తుప్రతిని పంక్తిపంక్తిగా పరిశీలించి, ప్రతి నిబంధనమునకు తగిన సవరణ ప్రతిపాదించి, శాంతముగా, కాని పట్టు విడువకుండ వాదించిరి. తుదకు నగరపాలనాధికారము కార్పొరేషనుకే చెందునని శాసనమున స్పష్టముగా చేర్పబడినది. సభ్యుల సంఖ్య 72కు పెరిగెను. వారిలో 36 మందిని వార్డులలోని పన్నుదారులు ఎన్నుకొందురు. విశ్వవిద్యాలయమునకును, వర్తక సంఘమునకును స్థానములు కల్పింపబడెను. ప్రభుత్వము నియమించు సభ్యులు 16 మందే యైరి.

ఆ శాసనమున ధనరక్షణకై ఏర్పరచిన కట్టుబాట్లు గమనింపదగినవి. కమీషనరు రాబోవు సంవత్సరపు ఆదాయవ్యయముల అంచనాను స్థాయీసంఘము ముందు పెట్టవలెను. ఆ సంఘము దానిని దిద్ది కార్పొరేషనుకు పంపవలెను. కార్పొరేషను చర్చించి ఆమోదించిన పిమ్మటనే అది అమలునకు వచ్చును. పద్దులో చేరని పైకమును కమీషనరు వ్యయము చేయరాదు. 5,000 రూపాయలకు మించిన గుత్తపనికి స్థాయీసంఘపు అనుమతి ముందుగా పొందవలెను. లెక్కలను తనిఖీ చేయుటకు వేరుగా ఆడిటర్లు ఉండవలెను. క్రొత్త యిల్లు కట్టువాడు ముందుగా తెలియజేసి, వీధి హద్దును, గాలివెలుతురుల నియమమును పాటింపవలెను. కమీషనరును ప్రభుత్వము నియమించినను, 45 మంది సభ్యులు తొలగింపవలెనని ఓటు చేసినచో అతడు పోవలసినదే. 1871లో ఒంటరిగా నిలిచిన యువకుడు చెప్పిన మాటలు 17 ఏండ్లకు ఇట్లు శాసనరూపము దాల్చెను. పెక్కు సవరణలు పొందినను ఆ శాసనమే నేటికిని ముంబయి నగరపాలనకు ఆధారమై యున్నది.

అధికారము ఎవరిదో ఖర్చును వారిదే కావలెనను న్యాయమును మెహతా పోలీసు వ్యయము విషయమున గట్టిగా పట్టుకొనెను. నగర పోలీసుపై కార్పొరేషనుకు ఎట్టి అధికారమును లేకుండెను. అయినను ఆ శాఖ ఖర్చులో భాగము కార్పొరేషను చెల్లించవలసివచ్చుచుండెను. ఈ అన్యాయమును గూర్చి ఏండ్ల తరబడి ప్రభుత్వముతో వివాదము సాగెను. తుదకు 1907లో వచ్చిన శాసనముచే పోలీసుభారమును ప్రభుత్వము వహించెను. దానికి బదులుగా ప్రాథమికవిద్య మొదలగు ప్రజోపయోగ కార్యముల భారమును కార్పొరేషను స్వీకరించెను. తన చేతిలో లేని లాఠీకి పోవుచుండిన సొమ్ము తన పిల్లల పలకాబలపములకు మరలినది. పురసభల చరిత్రలో ఇట్టి మార్పిడి సామాన్యమైనది కాదు.

1896లో బొంబాయిలో ప్లేగు ప్రవేశించి వేలకొలది ప్రజలను కబళించెను. లక్షల జనులు నగరము వదలి పారిపోయిరి. ఇరుకిండ్లే దీనికి కారణమని తలచి, 1898లో ప్రభుత్వము నగరాభివృద్ధి ట్రస్టు అను ప్రత్యేక సంస్థను స్థాపించెను. మురికివాడలను పడగొట్టుట, వెడల్పైన వీధులు తీయుట, దాదరు, మాటుంగా వంటి చోట్ల క్రొత్త నివాసస్థలములు ఏర్పరచుట దీని పనులు. ఉద్దేశము మంచిదే. కాని ఈ సంస్థ కార్పొరేషనుకు లోబడినది కాదు. దానిలో ఎన్నుకొనబడినవారు కొలదిమందియే. అయినను దాని ఖర్చునకు నగరపు పన్నుసొమ్ము చేరవలసియుండెను. ప్రజలకు జవాబు చెప్పనవసరము లేని సంస్థ ప్రజలధనముతో నగరరూపమును మార్చుట మెహతాకు సమ్మతము కాలేదు. పేదల గుడిసెలు పడిపోవుట త్వరగాను, వారికి క్రొత్త యిండ్లు లేచుట ఆలస్యముగాను జరుగుటచే ఆయన శంక నిరాధారము కాదని తేలినది. ఆయన గతించిన పిమ్మట 1933లో ఆ ట్రస్టును కార్పొరేషనులో విలీనము చేసిరి.

ఇట్టి నాయకునిపై అధికారవర్గమునకు కంటగింపు కలుగుట సహజము. 1905లో ఆయన మూడవసారి అధ్యక్షుడయ్యెను. నగరమున ఆయనను మకుటము లేని మహారాజని పిలుచుచుండిరి. ఈ పలుకుబడిని తుంచవలెనని 1907 ఎన్నికలలో కొందరు ఆంగ్లేయోద్యోగులు, ఒక ఆంగ్లపత్రికా సంపాదకుడు కూడి ఒక ముఠాగా ఏర్పడిరి. మెహతా జస్టిసుల పక్షమున నిలుచుచుండెను. ఆ పక్షమున 16 స్థానములు కలవు. ముఠావారు తమ 16 మందిని నిలిపి, ఉద్యోగుల బలముతో ఓట్లు సేకరించిరి. ఫలితము వెలువడునప్పటికి మెహతా 17వ వాడై ఓడిపోయెను. నగరమంతయు నివ్వెరపోయినది. మహాసభ జరిపి జనులు తమ ఆగ్రహమును వెల్లడించిరి. గోపాలకృష్ణ గోఖలే వంటి పెద్దలు ఆ ముఠా చర్యను ఖండించిరి. గెలిచిన 16 మందిలో ఒకని ఎన్నిక శాసనమునకు విరుద్ధమని న్యాయస్థానమున దావా పడినది. విచారణానంతరము ఆ ఎన్నిక చెల్లదని తీర్పు రాగా, తరువాతి స్థానమున నిలిచిన మెహతాయే సభ్యుడయ్యెను. తాను జీవితమంతయు నమ్మిన శాసనమే ఆపత్కాలమున ఆయనను కాచినది. 1911లో నాలుగవసారియు ఆయన అధ్యక్షపీఠము నలంకరించెను.

దేశసేవలోను మెహతా స్థానము చిన్నది కాదు. 1885లో బొంబాయి ప్రెసిడెన్సీ సంఘమును స్థాపించినవారిలో ఆయన ఒకడు. 1890లో కలకత్తా కాంగ్రెసు మహాసభకు ఆయన అధ్యక్షుడు. మరుసటి యేడు నాగపూరులో ఆ పీఠమెక్కినవాడు చిత్తూరు జిల్లాలో పుట్టిన పనప్పాక ఆనందాచార్యులుగారు. రాజప్రతినిధి శాసనసభలో సైన్యవ్యయమును, బడ్జెటును విమర్శించుటలో మెహతా చూపిన నేర్పు పురసభలో అలవడినదే. 1904లో ఆయనకు సర్ బిరుదము వచ్చినది. 1911లో స్వదేశీయుల చేతిమీదుగా స్థాపింపబడిన సెంట్రల్ బ్యాంకునకు ఆయన మొదటి అధ్యక్షుడు. 1913లో బొంబాయి క్రానికల్ పత్రికను నెలకొల్పెను. 1915లో బొంబాయి విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడయ్యెను. ఆ సంవత్సరమే నవంబరు 5వ తేదీన ఆయన పరమపదించెను. 1923లో పురపాలక భవనము ముందు ఆయన విగ్రహమును ప్రతిష్ఠించిరి.

గుణములతోపాటు లోపములను చెప్పుట చరిత్రకు ధర్మము. మెహతా స్వభావమున ఆధిపత్యము పాలు హెచ్చు. తన మాటకు ఎదురాడినవారిని సహించుట ఆయనకు కష్టముగా నుండెను. సభ ఆయన చేతిలో బొమ్మయైనదని విరోధులే కాక మిత్రులు కొందరు కూడ వాపోయిరి. కాంగ్రెసులో తిలకు మహాశయుని పక్షముతో ఆయనకు సరిపడలేదు. మరియు, ఆయన యెంతగానో గౌరవించిన పన్నుదారుల ప్రాతినిధ్యము చాల ఇరుకైనది. 1872 నాటి శాసనము ప్రకారము ఏటికి 50 రూపాయలు, 1888 నాటి దాని ప్రకారము 30 రూపాయలు పన్ను కట్టువారికే ఓటు. మిల్లుకూలీలు, రేవుకూలీలు, చాళ్లలో నివసించు పేదలు నగరమునకు చెమటోడ్చియు దాని సభకు దూరముగానే యుండిరి. నెలకు 10 రూపాయలు అద్దె ఇచ్చువారికి ఓటు దొరకునప్పటికి 1922వ సంవత్సరము వచ్చెను. వయస్సు వచ్చిన ప్రతివారికి ఓటు లభించుటకు స్వాతంత్ర్యము రావలసివచ్చెను. మెహతా తలుపు తెరచెను గాని, గడప దాటి అందరును లోనికి వచ్చుట ఆయన కాలమున జరుగలేదు.

అయినను ఆ తలుపు తెరచుటయే కష్టమైన కార్యము. భారత రాజ్యాంగమునకు 1992లో జరిగిన 73, 74 సవరణలచే గ్రామపంచాయతీలకును, పురపాలక సంఘములకును రాజ్యాంగమున స్థానము కలిగెను. పట్టణప్రణాళిక, భూమి వినియోగమును నియంత్రించుట, కట్టడములను క్రమబద్ధము చేయుట అనునవి పురసభలకు అప్పగింపదగిన పనులుగా అందు మొట్టమొదట పేర్కొనబడినవి. ఏ వీధిలో అంగడి ఉండవలెను, ఏ చెరువుగట్టున ఇల్లు కట్టరాదు, ఏ పద్దుకు ఎంత సొమ్ము చేరవలెను అను నిర్ణయములు ఊరివారి ప్రతినిధులే చేయవలెనను తలంపునకు మూలపురుషులలో మెహతా ఒకడు.

తెలుగునాట ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ సుంకమును స్థానికసంస్థలు వసూలు చేయుచున్నవి. ఆ సుంకమున చేరు ప్రతి పైసయు ఎవరో ఒక రైతు, ఒక చేనేతవాడు, ఒక చిన్న దుకాణదారు చెమటయే. బీరువాలోని పుస్తకము, బల్లమీది పత్రిక, పొద్దుగూకినపిదప వెలుగు దీపము ఆ సొమ్ము ఫలములే. ఆ ఫలములను అనుభవించు పాఠకునకు వాటి లెక్క అడుగు హక్కు ఉన్నది. ఆ లెక్క చెప్పుట పెత్తనము వహించినవారి విధి. హక్కును మరువని పౌరుడు, విధిని మరువని పెద్ద ఉన్న గ్రామమున ఫిరోజ్‌షా మెహతా ఆశయము సజీవముగ నిలిచియుండును.